ఏడ్చే పుల్ల

ఆ వానాకాలం మా వదిన నాలుగేళ్ల మనవరాలిని "ఏమండీ" అని పిలవడం మొదలుపెట్టింది.

నవ్వకండి. నేను నవ్వాను, దాని ఫలితం అనుభవించాను. చాన్నాళ్లు నా టీలో పంచదార పడలేదు.

మాది గొడుగులు బాగుచేసే కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. ఎండాకాలమంతా ఈగలు తోలుకుంటాం. మొదటి వాన పడిందంటే ఊళ్లో విరిగిన గొడుగులన్నీ మా గుమ్మం ముందు వరస కడతాయి. కొట్టు అన్నయ్యది. బడి నన్ను మధ్యలోనే వదిలేసింది, నేనూ దాన్ని బతిమాలలేదు. అన్నయ్య పక్కన స్టూలేసుకుని కూర్చుని, ఆయన అందించమన్నది అందిస్తూ, మధ్యమధ్యలో అడగనిది అందిస్తూ పెద్దవాణ్ణయ్యాను. అన్నయ్య పోయాక, తల్లి ఒంటరిదైపోతుందని ఆయన కూతురు కాపురం మా పైవాటాలోకే తెచ్చుకుంది. ఏడాది తిరిగాక పిడుగు పుట్టింది. పిడుగు అన్నది అసలు పేరు కాదు. అసలు పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలకదు, ఆ అలవాటు నేను చేసిందే.

అంటే పిడుగు అన్నయ్యని చూడలేదు, అన్నయ్య పిడుగుని చూడలేదు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

అన్నయ్యకి ఒక పద్ధతి ఉండేది. గొడుగు బాగుచేశాక, ఇచ్చేముందు దాన్ని విప్పి తలకిందులు చేసి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పుతూ, ఒక్కో పుల్లనీ బొటనవేలి గోరుతో మీటేవాడు. కళ్లు మూసుకుని, తల ఎడమ పక్కకి వాల్చి, నుదురు ముడేసి. బాగున్న పుల్ల ఒకలా మోగుతుందట. లోపల సన్నగా చిట్లిన పుల్ల, కంటికి కనపడకపోయినా సరే, ఇంకోలా మోగుతుందట. "ఇది ఏడుస్తోంది" అనేవాడు. అది తీసేసి కొత్తది వేసేవాడు. 'అట' అని ఎందుకంటున్నానంటే, నాకు ఏనాడూ వినపడలేదు. నాకు అన్నీ టింగుమనే మోగేవి. నేను వేలు పెట్టి తడుముకుని, కళ్లు చికిలించుకుని చూసి పట్టుకునే రకం.

వినపడనివాడు ఏం చేస్తాడు, వేళాకోళం చేస్తాడు. అన్నయ్య అటు తిరగ్గానే నేను ఒక గొడుగు తీసి, తల వాల్చి, మొహం ఇంత పొడుగు చేసి, "ఇది ఏడుస్తోందండీ, దీనికి అత్తగారి పోరు ఎక్కువ" అనేవాణ్ణి. కొట్లో వానకి ఆగినవాళ్లంతా పొట్ట చేత్తో పట్టుకునేవాళ్లు. ఒకసారి అన్నయ్య ఉన్నట్టుండి వెనక్కి తిరిగాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. "చెయ్యి బాగానే తిప్పుతున్నావురా. చెవి ఎప్పుడు పెడతావో" అన్నాడు. మళ్లీ తన పనిలో పడిపోయాడు.

సరే, ఆ వానాకాలం. వానలు పట్టుకున్న కొత్తల్లో ఒక మధ్యాహ్నం, మా వీధి చివర ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ గొడుగు తీసుకెళ్లడానికి వచ్చింది.

"పెళ్లికూతుర్లా తయారుచేశాను, దిష్టి తగలకుండా తీసుకుపో" అన్నాను.

నా కాళ్ల దగ్గర కూర్చుని దారపు ఉండలతో ఆడుకుంటున్న పిడుగు లేచింది. గొడుగు లాక్కుని విప్పింది. గొడుగు దానికన్నా పెద్దది, ఎత్తలేదు కదా, అందుకని నేలమీద తలకిందులుగా పెట్టింది. వంగి చెవి ఆనించి, గొడుగుని తిప్పలేక తనే దాని చుట్టూ తిరుగుతూ, ఒక్కో పుల్లనీ గోరుతో మీటడం మొదలుపెట్టింది. కళ్లు మూసుకుంది. తల ఎడమ పక్కకి వాలింది. అంత చిన్న నుదుటి మీద ముడత ఎలా పడిందో నాకు తెలీదు, పడింది.

ఒక పుల్ల దగ్గర ఆగింది. "ఇది ఏడుస్తోంది" అంది.

నర్సమ్మ నవ్వింది. నేనూ నవ్వబోతూ, ఎందుకైనా మంచిదని ఆ పుల్లకి కట్టిన దారం విప్పి చూశాను. దారం కింద వెంట్రుకవాసి చిట్లు. అంతకుముందే ఆ గొడుగుని నేను క్షుణ్ణంగా చూసి, బాగుందని పక్కన పెట్టాను.

తలెత్తేసరికి మెట్ల మీద వదిన. చేతిలో నా టీ గ్లాసు. గ్లాసు జారి ముక్కలైందని చెబితే కథకి బాగుంటుంది కానీ, జారలేదు. గట్టిగా పట్టుకుంది. అంత గట్టిగానూ పట్టుకుని "ఏమండీ" అంది. నా వైపు చూసి కాదు.

ఆ సాయంత్రం అమ్మాయి నన్ను వంటింట్లో నిలదీసింది. అమ్మాయంటే అన్నయ్య కూతురే, రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఎవరేం చెప్పినా, అది గాజుపలక మీద పడి లెన్సు కిందకి వస్తే తప్ప నమ్మదు.

"నిజం చెప్పు బాబాయ్. దానికి నువ్వే నేర్పావు."

"నా మీద ఒట్టు."

"నీ మీద నువ్వు ఒట్టేసుకుంటే నాకేం లాభం?"

"పోనీ నీ మీద ఒట్టు."

"నా జోలికి రాకు."

దాన్ని తప్పుపట్టలేం. దాని పెళ్లిమాటలకి వచ్చిన చుట్టాల చెప్పుల్లో ఎడమకాలివన్నీ పెరట్లో దాచినవాణ్ణి నేను. పంచదార డబ్బాలో ఉప్పు, ఉప్పు డబ్బాలో సబ్బుపొడి పోసిన చరిత్ర నాది. జీవితంలో మొదటిసారి నేనేమీ చెయ్యలేదంటే నమ్మే దిక్కు లేదు.

"నేర్పాలంటే అసలు నాకు రావాలి కదే" అన్నాను. "మీ నాన్న విన్నట్టు నాకు వినపడితేగా."

"వినపడక్కర్లేదు. వేషం వెయ్యడం వస్తే చాలు. అది నీకు బాగా వచ్చు."

ఇక కొట్లో చర్చ మొదలైంది. వానకి ఆగినవాళ్లకి వేరే పనేముంది. మా ఎదురుగా భజన మందిరంలో ఉపన్యాసాలు చెప్పే పెద్దాయన రోజూ అదే గొడుగు పట్టుకుని, అదే చిరుగు చూపిస్తూ వచ్చి కూర్చునేవాడు.

"అనుమానమెందుకయ్యా" అనేవాడాయన. "ఆత్మకి చావు లేదు. తీరని కోరిక ఉంటే, తిరిగొచ్చి ఆ ఇంట్లోనే పుడుతుంది. చిన్నపిల్లలకి పాతవి గుర్తుంటాయి. కాస్త ఎదిగి బళ్లోకి పోయేసరికి మరిచిపోతారు."

"నేను బళ్లోకి పోయేసరికి బడినే మరిచిపోయానండీ" అన్నాను.

పక్క కొట్టు టైలరు ఒప్పుకునేవాడు కాదు. ఆయన మతం వేరు. "మా దాంట్లో ఒక్కటే బతుకు. ఒకసారి కత్తిరించాక ఆ గుడ్డ మళ్లీ తానులో కలవదు. పోయినవాళ్లు దేవుడి దగ్గర ఉంటారు, ఆయన పిలిచే రోజు దాకా. మీ అన్నయ్య మంచివాడు, అక్కడ హాయిగా ఉన్నాడు. ఈ వానలో గొడుగులు మీటుకోడానికి ఎందుకొస్తాడు?"

"అక్కడ వాన పడదేమో. తోచక వచ్చాడేమో."

ఇద్దరూ నన్ను కసిరేవాళ్లు. ఆ ఒక్క విషయంలో మతాలు కలిసేవి.

ఒకనాడు అమ్మాయి డ్యూటీ నుంచి తడిసి వచ్చి, తల తుడుచుకుంటూ వాళ్ల మాటలు వింది. "ఇలాంటి పిల్లల మాటలు పోగుచేసి పరిశోధన చేసినవాళ్లున్నారు" అంది. "గట్టిగా తేలిందేం లేదు. వాళ్లు వెళ్లి అడిగేసరికే ఇంటిల్లిపాదీ ఆ పిల్ల చెవిలో అవే మాటలు నూరిపోసి ఉంటారు. మన జ్ఞాపకాలు ఉండేది మెదడులో. మెదడు పోయాక అవి ఏ బస్సెక్కి వస్తాయి?"

"మరి ఏదీ మిగలదంటావా?" అన్నాడు పెద్దాయన.

అది తుడుచుకోవడం ఆపి వీధిలోకి చూసింది. "మిగలదని ఎందుకంటాను. నాన్న ఒంట్లో ఉన్న నీళ్లు ఎక్కడికీ పోవు. ఆవిరవుతాయి, మబ్బవుతాయి. ఇదిగో, ఈ వానలో ఒక బొట్టు ఆయనది ఉండొచ్చు. నిన్న నా నెత్తిమీదే పడి ఉండొచ్చు. కాకపోతే ఆ బొట్టుకి నేను తన కూతుర్నని తెలీదు."

 టైలరు చెయ్యి చూరు కిందకి చాపి, వాన పట్టి, అరచేతిలోకి చూసుకున్నాడు.

వదినకి ఈ చర్చలతో పనిలేదు. అన్నయ్య పోయాక ఆవిడ కిందకి దిగడమే తగ్గించేసింది. టీ తెచ్చినా మెట్ల మీంచే అందించి వెళ్లిపోయేది. మాటలు కూడా సబ్బుబిళ్లలా అరిగిపోతాయేమో అన్నట్టు వాడేది. అలాంటి మనిషి ఆ వానాకాలం కూనిరాగాలు తీసింది. కిటికీ పక్కన అన్నయ్య చేతుల కుర్చీ ఉండేది, దాని మీద ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. దాన్ని తుడిచి దిండేసి పిడుగుని కూర్చోబెట్టింది. "ఏమండీ, పైకప్పు కారుతోంది. ఎవర్ని పిలిపించమంటారు?" అని అడిగేది.

"చిన్నతాతని" అనేది పిడుగు.

నేను బక్కెట్టు పట్టుకుని కప్పెక్కేవాణ్ణి.

పిల్ల పాలల్లో మీగడ తీసేస్తే వదిన మొహం వెలిగిపోయేది. "చూశావా, ఆయనకీ మీగడ గిట్టదు."

"ఏ పిల్లకి గిడుతుందమ్మా?" అనేది అమ్మాయి.

నిజానికి నాకూ సరదాగానే ఉండేది. వదిన నవ్వుతోంది, అది చాలు. ఎవరి పుట్టుక ఎవరిదైతే నాకేం.

ఒక మధ్యాహ్నం కుండపోత వెలిసి వీధంతా మడుగులు కట్టింది. పిల్లలంతా గంతులేస్తున్నారు. పైకెళ్లి చూస్తే పిడుగు కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్లు నేలకి అందక గాలిలో వేలాడుతున్నాయి.

"రావే, కాగితం పడవ చేసిపెడతా."

"తాతలు ఆడరు."

"నేను తాతనే కదే. నేను ఆడట్లేదూ?"

దానికి నవ్వు రాలేదు. కిటికీలోంచి పిల్లల వంక చూస్తూ, "చిన్నతాతా, నేను తాతయ్యని అయితే, మరి నేనెక్కడికి పోయాను?" అంది.

  వెనక్కి తిరిగితే, ఆరిన బట్టల మోపుతో గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది. విన్నది.

బట్టలు మంచం మీద పెట్టి, ఒక్కొక్కటీ మడతపెడుతూ, గొంతు పెంచకుండా చెప్పింది. "అమ్మా, వానలు వెళ్లగానే మేం ఇల్లు మారిపోతాం. మా ఆయన ఆఫీసు దగ్గర ఒక వాటా ఉంది. ఇది నా కూతురు. దీని బతుకు ఇదే మొదటి నుంచి బతకాలి. ఇంకొకళ్లది మిగిలింది కాదు."

వదిన కాసేపు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. "తీసుకుపో" అంది. "ఆయన్ని నా దగ్గర్నించి రెండోసారి తీసుకుపో."



ఆ తర్వాత ఒకరోజు అమ్మాయి సెలవు పెట్టి కొట్లో నా ఎదురుగా స్టూలేసుకుని కూర్చుంది. నేను పిల్లకి నేర్పుతుంటే రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలని దాని ఉద్దేశం. పిడుగు నా కాళ్ల దగ్గర, ఎప్పట్లాగే, దారపు ఉండలతో. ముందు నేను కాస్త బిగుసుకున్నాను. కానీ వాన దంచి కొడుతోంది, గొడుగులు గుట్టపడి ఉన్నాయి, పనిలో పడి దాన్ని మరిచిపోయాను.

"బాబాయ్."

గొంతు అదోలా ఉంది. తల ఎత్తాను.

"ఇప్పుడు నువ్వేం చేశావు?"

"గొడుగు బాగుచేశా. మన కొట్లో అదే చేస్తారు."

"బాగుచేశాక. దాన్ని తిరగేసి చెవి దగ్గర పెట్టుకున్నావు."

"నేనా?"

"కళ్లు మూసుకున్నావు. తల ఎడమ పక్కకి వాల్చావు. పుల్లలన్నీ మీటావు. ఒకదాని దగ్గర ఆగి వేలితో తడుముతూ 'ఏడుస్తున్నావా' అన్నావు."

"ఎవర్ని?"

"గొడుగుని."

"అబ్బే, అది వేళాకోళానికే. మీ నాన్నని వెక్కిరించడానికి ఎప్పుడూ..."

"కొట్లో ఎవరూ లేరు బాబాయ్. ఎవర్ని నవ్వించడానికి?"

చుట్టూ చూశాను. నిజమే, ఎవరూ లేరు.

"పొద్దుట్నించీ చూస్తున్నా" అంది. "ప్రతి గొడుక్కీ చేస్తున్నావు. అచ్చం నాన్న. ఆ నుదుటి ముడతతో సహా." దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి, మూతి మాత్రం నవ్వుతోంది. "నువ్వు నేర్పలేదని నమ్ముతున్నా. నీకే తెలీదు కదా. ఇది పుట్టినప్పట్నించీ నీ కాళ్ల దగ్గరే పెరిగింది. నాన్నని చూడలేదు కానీ, నీలో ఉన్న నాన్నని రోజూ చూసింది."

నా చేతులకేసి చూసుకున్నాను. ఎప్పట్నించి? తెలీదు. అన్నయ్యని వెక్కిరించడానికి తొడుక్కున్న వేషం, ఆయన పోయాక ఏ పూట ఒంటికి అంటుకుపోయిందో తెలీదు. ఎవరో నా చొక్కాలో చేతులు దూర్చి ఇన్నాళ్లూ పని చేస్తున్నట్టు, ఇప్పుడు ఆగి నావైపు చూస్తున్నట్టు అనిపించింది. గోరు నాదే. బొటనవేలి మీద సూది మచ్చ నాదే. అది తిరిగే తీరు మాత్రం, చూద్దామని తిప్పితే రాలేదు. ఆ క్షణంలో నా చెయ్యి నాకు ఉత్త చెయ్యి అయిపోయింది.

వదినకి అమ్మాయి ఏం చెప్పిందో గానీ, మర్నాడు ఆవిడ మెట్లు దిగి కొట్లోకి వచ్చి కూర్చుంది. అన్నయ్య పోయాక అదే మొదలు.

"చెయ్యి చూద్దాం" అంది.

"ఎదురుగా కూర్చుని చెయ్యమంటే వస్తుందా వదినా? ఆవలింత అడిగితే వస్తుందా?"

"నీ పని నువ్వు చేసుకో. నేనున్నాననుకోకు."

తిరగేశాను, మీటాను. దొంగనటనలా వచ్చింది. వదిన మొహం తిప్పుకుని, చిరిగిన గుడ్డల మూట ముందేసుకుని, మాసినవి పక్కకి ఏరడం మొదలుపెట్టింది. మళ్లీ వాన అందుకుంది. నర్సమ్మ వచ్చింది, ఒక మాటన్నాను, వెళ్లింది. ఇంకెవరో వచ్చారు. ఎప్పుడో, నేను ఏ గొడుగు మీద ఉన్నానో, పక్కన గుడ్డలు ఏరుతున్న చప్పుడు ఆగిపోయింది. కళ్లు తెరిచి చూస్తే వదిన నన్నే చూస్తోంది. చేత్తో నోరు మూసుకుంది.

"కొట్లో ఆయన చోటు ఖాళీగా ఉంటుందని కిందకి రావడం మానేశాను" అంది. "ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నాడా."

చేతిలో గొడుగు మూసేశాను.  "ఉంటే ఉన్నాడు గానీ వదినా, నన్ను మాత్రం ఏమండీ అనకు. వీధిలో పరువు పోతుంది."

చేతిలో గుడ్డ నా మొహాన కొట్టింది. కొట్టి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఆ పూట నా టీలో పంచదార పడింది.

మర్నాడు పొద్దున్న వంటింట్లోంచి కేక వినపడింది. "ఏమే పిడుగూ, మీగడ తీసేశాను. తాగుతావా, నెత్తిన పొయ్యనా?"

పిడుగు గ్లాసు పట్టుకుని అమ్మమ్మ మొహంలోకి పరీక్షగా చూసింది. "నేను తాతయ్యని కాదా?"

"ఆయనకి నీ అంత అల్లరి తెలీదు."

"మరి నేనెవర్ని?"

"పిడుగువి. చాలదా?"

చాలింది లాగుంది. గ్లాసు ఖాళీ చేసి, ఆ కుర్చీ పక్కనుంచే పరుగెత్తి, మెట్లు దిగి, మడుగులోకి రెండు కాళ్లతో దూకింది. అమ్మాయి కిటికీలోంచి చూస్తూ నిలబడింది. కొత్త వాటా మాట మళ్లీ ఎత్తలేదు.

సంగతి తెలిశాక పెద్దాయన, "చూశావా, వచ్చాడు కదా" అన్నాడు. టైలరు, "చూశావా, రాలేదు కదా" అన్నాడు. ఇద్దరూ గెలిచిన సంతోషంలో ఒకే గొడుగు కింద టీకి వెళ్లారు.

అక్కడితో అయిపోతే ఇది నేను చెప్పేంత కథ కాదు.

వానలు వెనకపట్టు పట్టిన రోజులు. పగలు కాస్త ఎండ కాసి, మధ్యాహ్నం పైన ఒక జల్లు. ఒక గొడుగు పూర్తిచేశాను. ఇప్పుడు నేను చేసేది నాకు తెలుసు కాబట్టి కాస్త గర్వంగానే తిరగేసి, మీటి, వేలితో తడిమి, శుభ్రంగా ఉందని పక్కన పెట్టాను. పిడుగు మడుగులోంచి అలాగే వచ్చింది, మోకాళ్ల దాకా బురద. గొడుగు నేలమీద తిరగేసి, దాని చుట్టూ తిరిగి, ఆగింది.

"ఇది ఏడుస్తోంది."

దారం విప్పాను. వేలు పెట్టాను. అద్దాలు పెట్టుకుని వెలుగులోకి తిప్పి చూశాను. ఏమీ లేదు. "ఎక్కడే? నున్నగా ఉంది."

"చూడకు. విను."

నా చెవి పట్టుకుంది. నిజంగానే, తడిచేత్తో చెవి తమ్మె పట్టుకుని నన్ను నేలమీదకి లాగింది. మోకాళ్లు పటపటమన్నాయి. చెంప నేలకి ఆనించి పడుకున్నాను. అది మీటింది. టింగ్. పక్కది మీటింది. టింగ్. నాకు ఎప్పుడూ వినపడేదే. ఆ తర్వాతది మీటింది.

టింగుమన్నది. దాని అడుగున, ఇంకేదో ఉంది. పక్కగదిలో ఎవరో ఊపిరి బిగబట్టి, మనకి వినపడకూడదని మెల్లగా వదిలినట్టు. అంత సన్నం. విన్నానా అనుకునేలోపు పోయింది.

 తల వాల్చడం అది నా దగ్గర చూసింది. మాట నా దగ్గర పట్టుకుంది. కానీ ఈ వినికిడి నా దగ్గర లేదు. ఇన్నేళ్లలో ఏ రోజూ లేదు. లేనిదాన్ని నేనెలా ఇచ్చాను?

ఆ సాయంత్రం అమ్మాయికి చెప్పాను. "దానికి చెవులు మంచివి బాబాయ్" అంది. "నాన్న చెవులే వచ్చి ఉంటాయి. అలాంటివి రక్తంలో వస్తాయి."

"అంటే వచ్చినట్టేగా?"

"చెవులు వచ్చాయన్నాను" అంది. కానీ తను కూడా నా మొహంలోకి చూడలేదు, వాన వంక చూసింది.

అది సాయంత్రం మాట. అప్పుడు మాత్రం నేను చెంప నేలకి ఆనించి, బురదకాళ్ల పక్కన పడుకుని ఉన్నాను. బయట జల్లు పల్చబడి, బొట్టుబొట్టుగా చూరు మీంచి జారుతోంది. పిడుగు నామీదకి వంగి, "వినపడిందా?" అంది.

"మాట్లాడకే" అన్నాను. "మళ్లీ మీటు."